రోడ్డుకు అవతల పడిన చుక్కలు

కమలాక్షి ఇంట్లో ఒక సామెతకు చోటు లేదు. దాచిన మాట ఎప్పటికైనా బయటపడక తప్పదని చెప్పడానికి లోకమంతా "కడుపుతో ఉన్నమ్మ కనక మానుతుందా" అంటుంది. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ అనరు. తెలియని చుట్టాలెవరైనా నోరు జారితే, కమలాక్షి మొగుడు చెంగల్రాయలు గొంతు సవరించుకుని వానల సంగతి ఎత్తుకుంటాడు. ఎందుకంటే కమలాక్షి తల్లి కడుపుతో ఉండి కనలేదు. నెలలు నిండిన బిడ్డను కడుపులో పెట్టుకునే వెళ్ళిపోయింది. అప్పటికి కమలాక్షి అమ్మ కొంగు పట్టుకుని తిరిగే పిల్ల.

వేలూరు జిల్లాలో గుడియాత్తం నుంచి పేర్ణాంబట్టు వెళ్ళే ఆ వైపు ఊళ్ళలో, అలా పోయిన ఆడదానికి దారి పక్కన ఒక రాయి నిలబెట్టేవాళ్ళు. రెండు నిలువు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక బండ. ఎత్తు సరిగ్గా మనిషి తలంత. నెత్తిన గంప ఉన్నవాళ్ళు ఇంకొకరి చెయ్యి అడగక్కర్లేకుండా బరువును అలాగే ఆ బండ మీదికి జరిపి, మెడ తిప్పుకుని, కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నెత్తికెత్తుకుని పోవచ్చు. తెలుగు ఇళ్ళలోనూ దాన్ని అరవంలోనే సుమైతాంగి అంటారు, బరువు మోసే రాయి అని. ఆ తల్లి దించుకోలేకపోయిన బరువు, దారిన పోయేవాళ్ళు తమ బరువు దించుకున్నప్పుడల్లా కాస్త కాస్త తగ్గుతుందని నమ్మకం. మొదటి బరువు మాత్రం పోయినామె కన్నతల్లే దించాలి.

కమలాక్షిని పెంచింది ఆ కన్నతల్లే, అంటే ఆమె అవ్వ. కూరాకు గంప నెత్తిన పెట్టుకుని గుడియాత్తం సంతకు పోతూ, దగ్గరి దారి ఉన్నా చుట్టుదారిన పోయేది, కూతురి రాయి దగ్గర గంప దించడానికి. "మీ అమ్మ పట్టుకుంటాదిలే, నువ్వు కూర్చో" అనేది మనవరాలితో. అందుకని కమలాక్షికి అమ్మ ముఖం గుర్తు లేదు గానీ, అమ్మ ఎత్తు బాగా తెలుసు. అవ్వ తల దగ్గరికి వచ్చేది.

తనకు పెళ్ళయి, కొడుకు దినకర్ కడుపున పడ్డాక, కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్ళడానికి అవ్వే వచ్చింది. రాయి దగ్గరికి వచ్చేసరికి మనవరాలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. చూలింత ఆ రాయి నీడ తొక్కకూడదట, దగ్గరికే పోకూడదట. కమలాక్షి చింతచెట్టు కింద నిలబడి అవతలి పక్క ఉన్న రాయిని చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. బిడ్డ పుడుతోందన్న మాట అమ్మకు చెప్పాలనుకుంది, చెప్పాలంటే రోడ్డు అడ్డం. ఆ చింతచెట్టును ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

తర్వాత కాలం మారింది. షేర్ ఆటోలు వచ్చాయి, మినీ లారీలు వచ్చాయి, నెత్తిన బరువు మోసేవాళ్ళే లేకుండా పోయారు. సుమైతాంగుల మీద సినిమా పోస్టర్లు, పెళ్ళి బ్యానర్లు వెలిశాయి. కమలాక్షి మాత్రం బస్సు కోసం అక్కడ నిలబడితే చేతిసంచి అయినా సరే, ఆ బండ మీద ఒకసారి దించి తీసుకునేది. ఖాళీగా ఉంచితే ఎట్లా అనేది. జనం నవ్వుకునేవాళ్ళు, నవ్వుకోనీ అని ఆమె పట్టించుకునేది కాదు.

ఇన్ని మంచి గుణాలున్న కమలాక్షికి ఒకే ఒక్క లోపం. నోట్లో నువ్వుగింజ నానదు.

కోడలు భువన మొదటిసారి నీళ్ళోసుకున్నప్పుడు ఆ సంగతి పొద్దున ఇంట్లో తెలిస్తే, మధ్యాహ్నానికి వీధి చివరి సైకిల్ షాపు దాకా చేరింది. కమలాక్షే స్వయంగా చేర్చింది, చక్కెర పొట్లం పట్టుకుని మరీ. మూడో నెలలో ఆ గర్భం నిలవలేదు. అప్పుడు చెప్పిన ప్రతి గడపకూ సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఎలా ఉంది కోడలు, ఎన్నో నెల అని అడిగినవాళ్ళకల్లా లేదమ్మా, పోయిందమ్మా అని చెప్పి చెప్పి ఆమె చిక్కి సగమైంది. భువన గదిలో పడుకుని అత్తగారి గొంతు వింటూ ఉండేది. ఎవరి దుఃఖం ఎవరు మోస్తున్నారో తెలియని రోజులవి.

భువన అణైకట్ వైపు పిల్ల, చరిత్రలో ఎమ్మే చదివింది. మంచం మీదినుంచి లేవని కోడల్ని చూసి, ఏదైనా పని చూసుకో తల్లీ అని పోరింది కమలాక్షే. వేలూరులో ఒక కాలేజీలో పాఠం చెప్పే జెసింత మేడమ్, భువనకు గురువు, అప్పుడే పాత దారుల మీద పరిశోధన మొదలుపెట్టింది. కొండల కిందినుంచి చింతపండు, గుడియాత్తం మగ్గాల నుంచి లుంగీలు, ఏ దారిన మనుషుల నెత్తి మీద ప్రయాణం చేశాయో కనిపెట్టాలని ఆమె ఆశ. దారి చెరిగిపోయినా దారి పక్కన రాళ్ళు మిగిలి ఉన్నాయి కదా. ఒక్కో సుమైతాంగి దగ్గరికి వెళ్ళి, ఫోన్లో యాప్ తెరిచి, రాయిని ఆనుకుని నిలబడి బటన్ నొక్కితే ఆకాశంలో ఉన్న శాటిలైట్ల సాయంతో ఫోన్ ఆ చోటును గుర్తుపెట్టుకుంటుంది. మ్యాప్ మీద ఒక ఎర్ర చుక్క పడుతుంది. చుక్కలన్నీ పడ్డాక వాటి కింద తెల్లవాళ్ళ కాలం నాటి మ్యాప్‌ను ఒక పొరలా పరిస్తే పాత దారి పైకి తేలుతుంది. రాయి కథ చెప్పేవాళ్ళుంటే అది కూడా రికార్డు చేసి చుక్కకు తగిలించాలి. ఆ పని భువనకు దొరికింది.

వీధిలో నాలుకలు ఊరుకుంటాయా? కడుపు నిలవని పిల్ల, కడుపుతో పోయినవాళ్ళ రాళ్ళ చుట్టూ తిరగడమేమిటని సణిగారు. మా అమ్మ రాయి ఎవురినీ ఏమీ చెయ్యదు, మోస్తాది అంతే, అని కమలాక్షి వాళ్ళ నోళ్ళు మూయించింది. అనడమే కాదు, గుడియాత్తం నుంచి మొదలుపెట్టి సగం దారి తానూ వెంట తిరిగింది. రాళ్ళ మీద చెక్కి ఉన్నవన్నీ నిలబెట్టిన మగవాళ్ళ పేర్లే. పోయినామె పేరు ఎక్కడా లేదు. ఆ పేరు కావాలంటే ఊళ్ళో ముసలమ్మల దగ్గర కూర్చుని, వక్క నమిలి, మూడు తరాల చుట్టరికం కలపాలి. ఆ విద్యలో కమలాక్షిని మించినవాళ్ళు లేరు. నోట్లో నువ్వుగింజ నానకపోవడం ఒక్కోసారి ఇలా కూడా పనికొస్తుంది.

రెండో సగానికి ఆమె వెళ్ళలేకపోయింది, వేరుశనగ పీకుడు వచ్చిపడింది. పేర్ణాంబట్టులో చెప్పుల కంపెనీలో పనిచేసే దినకర్ సెలవు దొరికినప్పుడల్లా పెళ్ళాన్ని బండి మీద తిప్పాడు. కమలాక్షి అమ్మ రాయి ఆ రెండో సగంలోనే, చిట్టచివర ఉంది.

చుక్కలన్నీ పడ్డాక జెసింత మేడమ్ అత్తాకోడళ్ళిద్దర్నీ వేలూరు పిలిచింది. మేడమ్ వాళ్ళదీ తెలుగు క్రైస్తవ కుటుంబమే, ఇంట్లో తెలుగు, క్లాసులో అరవం. కమలాక్షిని పక్కన కూర్చోబెట్టుకుని గోడ మీద పెద్ద తెర దించింది. ఊళ్ళు, కొబ్బరితోటలు, కమలాక్షి వాళ్ళ పొలం పక్క బావి సహా, పైనుంచి చూస్తే ఎలా ఉంటాయో అలా కనిపించాయి. కమలాక్షి తన ఇంటి మిద్దెను గుర్తుపట్టి, ఆరేసిన చాప కూడా కనిపిస్తోందని మురిసిపోయింది. ఆ చాపను తీయమని చెంగల్రాయలుకు వందసార్లు చెప్పిందట.

గుడియాత్తం నుంచి సగం దాకా ఎర్ర చుక్కలు పాత దారి మీద దండలో పూసల్లా కూర్చున్నాయి. అక్కడినుంచి మాత్రం అన్నీ రోడ్డు దాటి దక్షిణం పక్కకు జరిగాయి. ఒకటి కోళ్ళ అంగట్లో పడింది, ఒకటి ఎవరిదో కల్లంలో. భువన తీసిన ఫోటోలూ అంతే, దూరంనుంచి తీసినవి, ఒకదాంట్లో రాయికి అడ్డంగా సగం బస్సు. మేడమ్ కోప్పడలేదు గానీ తికమకపడింది. ఫోన్ చెడిపోయిందా అంటే అన్నీ ఒకే పక్కకు ఎందుకు జరుగుతాయి? ఒకప్పుడు దారి అవతలి పక్కగా పోయేదేమో, రాళ్ళు తర్వాత ఇటు మార్చారేమో అని కూడా ఒక ఆలోచన చేసింది. ఏదైనా త్వరగా తేల్చాలంది. రోడ్డు వెడల్పు పనులు దగ్గరికొచ్చాయి. ఏ రాయి ఎక్కడుందో సరిగ్గా చూపిస్తేనే, పనులయ్యాక దాన్ని మళ్ళీ ఆ చోటనే నిలబెట్టమని అధికారుల్ని అడగగలం, చుక్క తప్పయితే రాయి కంకరలో కలిసిపోతుందని చెప్పింది.

భువన తల వంచుకుని, ఫోన్ పాతదైపోయింది మేడమ్, మళ్ళీ వెళ్ళి తీస్తానంది.

కమలాక్షి తెరవైపే చూస్తోంది. చివరి చుక్క దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. రోడ్డుకు ఈ పక్క అమ్మ రాయి, ఆ పక్క చుక్క. చుక్క పడింది సరిగ్గా చింతచెట్టు కింద. ముప్పై ఏళ్ళ కిందట అవ్వ తనను చెయ్యి పట్టుకుని నిలబెట్టిన చోటది. ఫోన్ చెడలేదు, పాత దారీ మారలేదు. ఆ చుక్కలన్నీ ఒక చూలింత నిలబడిన చోట్లు.

మామూలు రోజైతే కమలాక్షి కుర్చీలోంచి లేచి, కోడల్ని కౌగిలించుకుని, కాలేజీ వాచ్‌మన్ దాకా అందరికీ చెప్పి ఉండేది. కానీ తల వంచుకున్న భువన మెడ కనిపించింది. పోయినసారి కబురు గడప గడపకూ పోయింది, లేదమ్మా అని తాను చెప్పుకున్న మాటలు ఈ పిల్ల చెవుల్లో ఇంకా ఉన్నాయి. అందుకే చెప్పలేదు. అత్తగారి కోసమే చెప్పలేదు.

కమలాక్షి జెసింత మేడమ్ వైపు తిరిగి, తప్పు తనదేనని చెప్పింది. ఎండలో నిలబడొద్దు, చెట్టు నీడన నిలబడి నొక్కు అని తానే కోడలికి నూరిపోశానంది. మేడమ్ పడీ పడీ నవ్వింది. భువన మాత్రం నవ్వలేదు, తలెత్తి అత్తగారి వైపు ఒకసారి చూసి మళ్ళీ దించుకుంది.

తిరుగు బస్సులో కమలాక్షి పెద్ద పొట్లం చెనిక్కాయలు కొనుక్కుని దారి పొడుగునా నమిలింది. నోరు ఖాళీగా ఉంటే ఎక్కడ జారుతుందోనని భయం. ఇంటికొచ్చాక కూడా మాట్లాడకపోయేసరికి చెంగల్రాయలు నుదురు పట్టుకుని చూసి, జ్వరం లేదే అని ఆశ్చర్యపోయాడు. ఆమెకు సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. అమ్మకు జరిగింది, భువనకు ఒకసారి జరిగింది. ఇప్పుడు ఆ పిల్ల మాట నిలబెట్టుకోవడానికి ఆ రాళ్ళ పక్కకు వెళ్ళి భయంభయంగా నిలబడాలి, లేదా నోరు విప్పి చెప్పాలి. రెండూ ఇష్టం లేని మనిషిని ఏది చెయ్యమనాలి?

మర్నాడు కమలాక్షి ఫోన్ చేతికిమ్మంది. ఆ బటన్ నొక్కడమేదో తానూ నేర్చుకుంటానంది. బళ్ళో అరవంలో ఐదో క్లాసు దాకా చదివిన కమలాక్షికి తెలుగు, ఇంగ్లీషు చదవడం రాదు, యాప్‌లో మాటలు అరవంలోకి మార్చి పెట్టింది భువన. మొదటిరోజు గొడ్లపాకకు చుక్క పెట్టబోతే అది పక్కింటి పెరట్లో పడింది, నొక్కుతూనే నడిచిపోయిందామె. మ్యాప్ మీద మన చుట్టూ కనిపించే నీలం వలయం చిన్నదయ్యేదాకా కదలకూడదు, ఊపిరి కూడా మెల్లగా తీసుకో అంది కోడలు. ఊపిరి సంగతేమో గానీ అంతసేపు మాట్లాడకుండా నిలబడటమే కమలాక్షికి కష్టమైంది. పాకకు, బావికి, చెంగల్రాయలు మంచానికి చుక్కలు పెట్టి పెట్టి చెయ్యి కుదిరింది.

తర్వాత ఇద్దరూ షేర్ ఆటోలో బయలుదేరారు. రాయి వచ్చిన చోటల్లా కమలాక్షి దిగి వెళ్ళి బండ మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. భువన గొడుగు వేసుకుని రోడ్డుకు అవతలి పక్కన. నువ్వెందుకు రావని అత్త అడగలేదు, నేనెందుకు రానో కోడలు చెప్పలేదు. మధ్యలో లారీలు పోతుంటే ఒకరికొకరు కనపడేవాళ్ళు కాదు. లారీ పోగానే కమలాక్షి మొదట చూసేది కోడలు అక్కడే ఉందా లేదా అని, ఆ తర్వాతే ఫోన్. ఒక్కో ఊళ్ళో ముసలమ్మల్ని పలకరించి పేర్లు కూడా రాబట్టింది. ఇప్పుడు చుక్కలు ఒక్కొక్కటే రోడ్డు దాటి వచ్చి తమ తమ రాళ్ళ దగ్గర చేరాయి.

చివరికి అమ్మ రాయి దగ్గరికి వచ్చారు. బండ మీద ఏదో కోచింగ్ సెంటర్ పోస్టరు, నిలువు రాయి మీద రోడ్డు పనివాళ్ళు గీసిన ఎర్ర గీత. కమలాక్షి పోస్టరు గోకి, కొంగుతో బండ తుడిచి, చెయ్యి ఆనించింది. నీలం వలయం చిన్నదైంది. నొక్కింది. నిలబెట్టినవాళ్ళ పేరు అని ఉన్నచోట నాన్న పేరు ముందే ఉంది, భువన రాసినదే. పోయినామె పేరు అని ఉన్నచోట ఖాళీ.

"ఏమ్మా, మా అమ్మ పేరు నీకు తెలుసు గదా, రాయలే?" అని ఇటునుంచే కేకేసింది.

"నువ్వే రాయాలని వదిలిపెట్టినా అత్తా" అంది భువన అటునుంచి.

కమలాక్షి ఒంటి వేలితో, ఒక్కో అరవ అక్షరం వెతుక్కుంటూ, ఆండాళు అని రాసింది. అమ్మ పేరు రాయడం ఆమెకు అదే మొదలు. బళ్ళో నాన్న పేరు రాయమన్నారు, పెళ్ళయ్యాక మొగుడి పేరు రాయమన్నారు, అమ్మ పేరు ఎవరూ అడగలేదు. కళ్ళు నిండి అక్షరాలు అలుక్కుపోయాయి. ముక్కు చీది, తలెత్తి చూస్తే, చింతచెట్టు కింద భువన కూడా ఏడుస్తోంది.

"అత్తా, నేనీపక్క ఎందుకు నిలబడినానో అడగవా?"

కమలాక్షి వచ్చేపోయే బండ్లు చూసుకుని రోడ్డు దాటి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"నీ నోటితో నువ్వు చెప్పేదాకా నాకేమీ తెలీదు తల్లీ."

"నాలుగో నెల" అంది భువన. "డాక్టరమ్మ అంతా బాగుండాదనింది. నాకు ఈ రాళ్ళ మాట నమ్మకమే లేదత్తా, నేను చదువుకున్నదాన్ని. కాళ్ళు పోలే, అంతే. నీకు చెప్పుండాల. మళ్ళీ ఏమైనా అయితే నువ్వు ఇంటింటికీ పోయి చెప్పుకోవాల్నే అని..."

మిగతాది చెప్పనివ్వలేదు కమలాక్షి. కోడల్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. ఐదో నెల దాటేదాకా మామకు కూడా చెప్పొద్దని భువన బతిమాలింది. సరేనంది కమలాక్షి, మనసులోనే చెనిక్కాయల ఖర్చు తలుచుకుంటూ.

భువన భుజాన లాప్‌టాప్, ఛార్జర్లు, నీళ్ళ సీసా కుక్కిన బ్యాగు వేలాడుతోంది. ఇంతకాలం ఇది మోస్తూనే తిరిగావా అని కమలాక్షి దాన్ని లాక్కుంది. లాక్కుని, అవ్వ గంప పెట్టుకున్నట్టు నెత్తిన పెట్టుకుని, మళ్ళీ రోడ్డు దాటింది. రాయి ముందు నిలబడి, మెడ వంచి, బ్యాగును బండ మీదికి జరిపింది. ఎన్నో ఏళ్ళకు ఆ రాయి మీదికి నెత్తిమీది బరువొకటి దిగింది.

"అమ్మా, ఇది నా కోడలి బరువు" అంది మెల్లగా. "కాసేపు పట్టుకో. ఆ పిల్ల అదిగో, ఆడ నిలబడుండాది."

ముప్పై ఏళ్ళ కిందట చెప్పలేకపోయిన మాట కూడా అందులోనే కలిసిపోయింది. ఆమె అలాగే కాసేపు నిలబడి, బ్యాగు దించుకుని వెనక్కి వచ్చింది.

షేర్ ఆటో కోసం ఎదురుచూస్తూ భువన ఫోన్ తీసి చూసింది. మ్యాప్ మీద ఇప్పుడు రెండు చుక్కలు ఉన్నాయి, ఒకటి రాయి దగ్గర, ఒకటి చింతచెట్టు కింద. పాతది తప్పు కాబట్టి తీసేస్తానని దాని మీద వేలు పెట్టింది. కమలాక్షి ఆ వేలు పట్టుకుని ఆపింది.

"దాన్ని తీసెయ్యొద్దు."

"తప్పు చుక్క గదత్తా. మేడమ్ ఒప్పుకోదు."

"మేడమ్‌కు వేరే మ్యాప్ ఇయ్యి, మన ఫోన్లో ఇది ఉండనీ. తప్పెట్లయితాది, యాడ నిలబడినావో ఆడే గదా పడింది?" అంది కమలాక్షి. "అవతలి చుక్కకు ఈ పొద్దు పేరు రాసినా. దీనికి బిడ్డ పుట్టినాక రాస్తాము."

భువన ఫోన్ ఆపి బ్యాగులో పెట్టింది. బ్యాగును మాత్రం కమలాక్షి తిరిగి ఇవ్వలేదు.